వైద్యములో కృత్రిమ మేధ: జిల్లా దవాఖాన గడప నుండి ఒక విమర్శ

జనగామ రైల్వే స్టేషనులో దిగి పాలకుర్తి వైపు పోయినా, మహబూబాబాదు నుండి గూడూరు దాటి కొత్తగూడ అడవి గ్రామములకు పోయినా, భూపాలపల్లి బొగ్గు గనుల నుండి మహాదేవపూర్ మీదుగా గోదావరి ఒడ్డుకు పోయినా దారిలో ఎదురయ్యే ప్రశ్న ఒకటే. జబ్బుపడిన మనిషికి ఆ జబ్బును గుర్తుపట్టగల వైద్యుడు ఎంత దూరములో ఉన్నాడు? 2016 అక్టోబరు 11న ప్రధానముగా పాత వరంగల్ జిల్లా నుండి ఈ మూడు జిల్లాలు ఏర్పడినవి. పెద్ద జబ్బు అంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, అక్కడ కాకపోతే హైదరాబాదు అన్నదే అప్పటివరకు ఈ ప్రాంతపు అలవాటు. 2022 నవంబరులో మహబూబాబాదులోను, 2023 సెప్టెంబరులో జనగామ, భూపాలపల్లిలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వైద్యుడు కొంత దగ్గరకు వచ్చినాడు. ఇప్పుడు వైద్యుని కన్న ముందే యంత్రము పల్లె గడపలోకి వస్తుందనీ, అది వైద్యుని కన్న బాగుగా రోగమును గుర్తిస్తుందనీ ఒక మాట పత్రికలలోను, సభలలోను వినబడుతున్నది. ఈ మాటలో సగము నిజము, అది చాలా విలువైన సగము. మిగిలిన సగమును లెక్క వేసి చూడవలసి ఉన్నది.

ఈ యంత్రమునకు కృత్రిమ మేధ అని పేరు. పేరు పెద్దదే గాని పనితీరును గ్రహించుట కష్టము కాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్టు యార్డులో మిర్చి కొనే అనుభవజ్ఞుడు బస్తాలో చేయి పెట్టి, రంగు చూచి, తొడిమ చూచి, ఇది ఫలానా రకము, ఇందులో తేమ ఎక్కువ అని చెప్పుతాడు. ఎట్లా తెలిసినదని అడిగితే పూర్తిగా వివరించలేడు. అతడు సూత్రములు వల్లెవేయలేదు. ఏండ్ల తరబడి వేల బస్తాలు చూచినాడు, తప్పు చెప్పినప్పుడు నష్టపడినాడు, ఆ నష్టమే అతని చూపును దిద్దినది. కృత్రిమ మేధ సంగతి కూడ ఇంచుమించు ఇంతే. ఎక్స్‌రే అనేది యంత్రమునకు బొమ్మ కాదు, లక్షల చుక్కల వెలుగును అంకెలలో వ్రాసిన పట్టిక. ఒక్కొక్క చిత్రమునకు వైద్యులు ముందే ఇచ్చిన నిర్ణయము పక్కన ఉంటుంది. యంత్రము తన లెక్క ప్రకారము ఒక సమాధానము చెప్పుతుంది. ఆ సమాధానమునకు, వైద్యుని నిర్ణయమునకు ఎంత తేడా వచ్చినదో చూచి లోపలి గుణకములను కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. ఈ సవరణ అసంఖ్యాకముగా జరిగిన తరువాత, ఎన్నడూ చూడని చిత్రమును చూపినా సరియైన సమాధానము చెప్పే స్థితి వస్తుంది. యంత్రము నేర్చుకున్నదని అంటున్నది ఈ సవరణనే.

యంత్రముచేత వైద్యము చెప్పించవలెనన్న ఆలోచన కొత్తది కాదు. 1970 దశకములో అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయములో మైసిన్ అనే కార్యక్రమము తయారైనది. అందులో వైద్యుల అనుభవమును కొన్ని వందల సూత్రములుగా వ్రాసిపెట్టినారు. రక్తములోను, మెదడు పొరలలోను సూక్ష్మజీవులు చేరినప్పుడు ఏ మందు ఇవ్వవలెనో అది చెప్పేది. 1979లో పరీక్షించినప్పుడు అది నిపుణులతో సమానముగా నిలిచినది. అయినా ఆసుపత్రిలో రోగుల మీద నిత్యము వాడుకలోకి రాలేదు. వైద్యుడు యంత్రము ముందు కూర్చుండి ప్రశ్న తరువాత ప్రశ్నకు జవాబులు టైపు చేయవలెను. వార్డులో రోగులు నిలబడి ఉండగా అంత తీరిక ఎవరికి? సరియైన సమాధానము ఇచ్చుట, పనికి వచ్చుట రెండు వేరు వేరు గుణములని అప్పుడే తేలినది. యాభై ఏండ్ల తరువాత కూడ ఈ తేడాను మరచిపోతూనే ఉన్నారు.

ఇప్పటి ఉత్సాహమునకు మూలములలో ఒకటి 2016 డిసెంబరులో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వచ్చిన వ్యాసము. మధుమేహము ముదిరితే కంటిలోని నేత్రపటలము మీద సన్నని రక్తనాళములు చిట్లి చూపు పోతుంది. దీనిని ముందుగా పట్టుకుంటే లేజరు చికిత్సతో చాలవరకు చూపును నిలుపవచ్చు. గూగుల్ పరిశోధకులు 1,28,175 నేత్రపటల చిత్రములతో ఒక యంత్రమునకు ఈ జబ్బును నేర్పినారు. వీటిలో మన దేశపు కంటి ఆసుపత్రుల నుండి వెళ్ళిన చిత్రములు కూడ ఉన్నవి. ఒక పరీక్షలో జబ్బు ఉన్నవారిలో నూటికి 90.3 మందిని యంత్రము పట్టుకున్నది; జబ్బు లేనివారిలో నూటికి 98.1 మందిని లేదని సరిగా చెప్పినది. నేత్రవైద్యుల నిర్ణయములతో సరితూగే ఫలితమిది. ఈ విజయమును తక్కువ చేయుట న్యాయము కాదు.

కాని అది ఎంచి తెచ్చిన చిత్రముల మీద చేసిన పరీక్ష. ఇదే పద్ధతిని థాయిలాండులోని 11 ఆరోగ్య కేంద్రములకు తీసుకొనిపోయినప్పుడు ఏమి జరిగినదో ఆ సంస్థ పరిశోధకులే 2020లో నిజాయితీగా ప్రకటించినారు. మొదటి ఆరు నెలలలో యంత్రమునకు చూపిన 1,838 చిత్రములలో నూటికి 21 చిత్రములను అది చదువలేనని తిప్పిపంపినది. కారణము జబ్బు కాదు, వెలుతురు. కనుపాప పెద్దది కావలెనంటే గది చీకటిగా ఉండవలెను. చాలా కేంద్రములలో అట్లాంటి గది లేదు. తిరస్కరించబడిన చిత్రముగల రోగిని, జబ్బు ఉన్నా లేకపోయినా, దూరపు ఆసుపత్రికి పొమ్మనవలసి వచ్చినది. చిత్రము పంపే ఇంటర్నెట్ నెమ్మదించినచోట వరుస పెరిగినది. యంత్రము మారలేదు, గది మారినది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో కిటికీ తలుపులు మూసి చీకటి చేయగల గదులు ఎన్ని అన్నది కృత్రిమ మేధకు సంబంధించిన ప్రశ్నగా పైకి కనిపించదు గాని, నిజానికి మొదట అడుగవలసినది అదే. పైగా పల్లెలో కంటి పరీక్షకు వచ్చే వృద్ధులలో చాలామందికి శుక్లము ఉంటుంది. శుక్లము ఉన్న కంటిలో చిత్రము మసకగా వస్తుంది. అనగా ఎవరికి పరీక్ష అవసరమో వారి చిత్రమునే యంత్రము చదువలేకపోవచ్చు.

తెలుగు ప్రాంతమునకు ఈ విషయము కొత్త కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన పని ఆధారముగా, పిల్లల కంటి పరీక్షలలో కృత్రిమ మేధను వాడుతున్నట్లు తెలంగాణ ప్రభుత్వము 2017 ఆగస్టులో ప్రకటించినది. దేశములో ఇట్లాంటి పని చేపట్టిన మొదటి రాష్ట్రమిదే. ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆ నేత్ర సంస్థ యంత్రము రాకముందే పల్లెలలో చూపు కేంద్రములు పెట్టి, స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, వారికి పైన చిన్న ఆసుపత్రిని, దానికి పైన పెద్ద ఆసుపత్రిని మెట్లుగా కట్టుకున్నది. కింది మెట్టులో గుర్తించిన జబ్బు పై మెట్టుకు పోయే దారి ముందే సిద్ధము. యంత్రమును ఆ మెట్ల మీద పెట్టుట వేరు, మెట్లే లేనిచోట పెట్టుట వేరు. 2018 ఆగస్టు 15న మొదలై, 2023లో రెండవ విడత జరిగిన కంటి వెలుగు కార్యక్రమములో కూడ ప్రజలకు గుర్తున్నది పరీక్షించిన పరికరము కాదు, చేతికి వచ్చిన కళ్ళజోడు.

ఇక క్షయ సంగతి. ఇక్కడ ఒక లెక్క అవసరము. ఉపాధ్యాయులు దీనిని తొమ్మిదవ తరగతిలో నల్లబల్ల మీద వేయించవచ్చు, శాతములు తప్ప మరేమీ అక్కరలేదు. ఛాతీ ఎక్స్‌రేను యంత్రముచేత చదివించి క్షయ అనుమానితులను వేరు చేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసినది. వడపోతకు వాడే ఇట్లాంటి పరీక్ష కనీసము రోగులలో నూటికి 90 మందిని పట్టవలెననీ, రోగము లేనివారిలో నూటికి 70 మందిని విడిచిపెట్టవలెననీ ఆ సంస్థ అంతకు ముందే ఒక ప్రమాణము పెట్టినది. మన దేశములో 2019-2021 మధ్య జరిగిన జాతీయ సర్వే ప్రకారము 15 ఏండ్లు దాటినవారిలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నది. కాబట్టి ఒక మండలములో 10,000 మంది పెద్దలకు ఎక్స్‌రే తీస్తే సుమారు 30 మందికి జబ్బు ఉంటుందనుకుందాము. కనీస ప్రమాణమునకు సరిపోయిన యంత్రము వారిలో 27 మందిని పట్టుతుంది, ముగ్గురిని వదులుతుంది. మిగిలిన 9,970 మంది ఆరోగ్యవంతులలో నూటికి 30 మందిని, అనగా 2,991 మందిని, పొరపాటున అనుమానిస్తుంది. మొత్తము 3,018 మందికి అనుమానపు చీటీ వస్తుంది. అందులో నిజమైన రోగులు 27 మంది. అంటే 112 మందికి ఒకరు. వీరందరి కఫమును జన్యుపరీక్ష యంత్రము మీద పరీక్షించవలెను.

ఇదే యంత్రమును జిల్లా ఆసుపత్రిలో, రెండు వారములకు మించి దగ్గుతో వచ్చినవారి మీద వాడితే ఏమవుతుంది? అట్లాంటి 1,000 మందిలో 100 మందికి క్షయ ఉన్నదనుకుందాము. యంత్రము 90 మందిని పట్టుతుంది, 270 మందిని పొరపాటున అనుమానిస్తుంది. ఇప్పుడు అనుమానితులలో నలుగురికి ఒకరు నిజమైన రోగి. యంత్రము అదే, దాని నేర్పు అదే, అంకెలు అవే. చూచే జనము మారగానే దాని మాటకు విలువ మారినది. ఒక యంత్రము నూటికి తొంభై సరిగా చెప్పుతుందని ఎవరైనా అన్నప్పుడు, ఎవరిలో అని విద్యార్థి అడుగగలిగితే ఈ లెక్క ఫలించినట్లే.

అంతమాత్రాన ఊరూరా ఎక్స్‌రే తీయుట వృథా అని అనరాదు. అదే జాతీయ సర్వేలో ఇంకొక సంగతి బయటపడినది. ఎక్స్‌రే తీయకుండా కేవలము లక్షణములు అడిగి ఊరుకొని ఉంటే నూటికి 42.6 మంది రోగులు తప్పిపోయేవారు. దగ్గు లేదు, జ్వరము లేదు, ఊపిరితిత్తిలో మాత్రము క్షయ ఉన్నది. చేతితో పట్టుకొనిపోయే చిన్న ఎక్స్‌రే పెట్టెను తండాకు తీసుకొనిపోయి, చదివే వైద్యుడు లేకపోయినా అక్కడికక్కడ యంత్రముచేత చదివించుట అందుకే విలువైన పని. 2024 డిసెంబరు 7న దేశములో ప్రారంభమైన 100 రోజుల క్షయ నిర్మూలన ప్రచారములో ఇట్లాంటి పెట్టెలను వాడినారు. విమర్శ యంత్రము మీద కాదు. 27 మందిని పట్టుకొనుటకు 3,018 మంది కఫమును పరీక్షించే ఏర్పాటు, ఆ తరువాత ఆరు నెలలు మందు మింగించే ఏర్పాటు లెక్కలో కనబడకపోవుట మీద.

భూపాలపల్లికి వచ్చేసరికి లెక్క ఇంకా చిక్కుపడుతుంది. ఇది సింగరేణి బొగ్గు నేల. ఏండ్ల తరబడి బొగ్గుపొడి, రాతిపొడి పీల్చినవారి ఊపిరితిత్తులలో మచ్చలు, గడ్డలు కట్టుతవి. ఎక్స్‌రేలో అవి క్షయ మచ్చలను పోలి ఉంటవి. ఇది అనుభవమున్న వైద్యునికే తికమక పెట్టే చిత్రము. ఒకప్పుడు క్షయ వచ్చి నయమైనవారి ఊపిరితిత్తిలో మిగిలిన పాత మచ్చలను చూచి యంత్రములు ఎక్కువగా పొరపడుతున్నట్లు పరీక్షలలో తేలినది కూడ. వైద్యుడైతే "ఏ పని చేస్తావు, గనిలో ఎన్ని ఏండ్లు దిగినావు?" అని ఒక్క మాట అడుగుతాడు. ఎక్స్‌రే చిత్రమును మాత్రమే చూచే యంత్రమునకు ఆ మాట అడిగే నోరు లేదు.

యంత్రము ఏమి నేర్చుకుంటున్నదో నేర్పినవారికే తెలియకపోవుట మరొక చిక్కు. 2018లో అమెరికాలో కొందరు పరిశోధకులు న్యుమోనియాను ఎక్స్‌రేలో గుర్తించే యంత్రమును పరీక్షించినారు. నేర్చుకున్న ఆసుపత్రిలో బాగా చెప్పిన యంత్రము వేరొక ఆసుపత్రి చిత్రములకు వచ్చేసరికి తడబడినది. కారణము వెదకితే, చిత్రము ఏ ఆసుపత్రిలో తీసినదో యంత్రము గుర్తుపట్టుతున్నదని తేలినది. ఎక్స్‌రే మూలన కుడి ఎడమలు తెలుపుటకు పెట్టే లోహపు బిళ్ళ కూడ దానికి ఆనవాలైనది. ఫలానా ఆసుపత్రిలో న్యుమోనియా రోగులు ఎక్కువ కాబట్టి, ఆ ఆసుపత్రి గుర్తు కనబడితే న్యుమోనియా అని చెప్పుట దానికి సులభమైన దారి. పాఠము చదువకుండా, ప్రశ్నపత్రము తయారుచేసిన మాస్టారు ఎవరో చూచి జవాబులు ఊహించే విద్యార్థి ప్రతి బడిలోను ఉంటాడు. యంత్రము కూడ అట్లాంటి తెలివి చూపినది.

దీనికన్న హాని చేయగలది ఇంకొకటి ఉన్నది. అమెరికాలో ఎవరికి అదనపు వైద్య సహాయము అవసరమో ఎంపిక చేయుటకు విస్తారముగా వాడుతున్న ఒక లెక్కను జియాద్ ఒబర్‌మయర్, ఆయన సహచరులు 2019లో సైన్స్ పత్రికలో విప్పి చూపినారు. ఆ లెక్క జబ్బును కొలవలేదు, వైద్యమునకు అయిన ఖర్చును కొలిచినది. ఖర్చు ఎక్కువైనవారు జబ్బు ఎక్కువైనవారని అనుకున్నది. నల్లజాతివారికి అంతే జబ్బు ఉన్నా వారి మీద ఖర్చు తక్కువ జరుగుతున్నది. కాబట్టి యంత్రము దృష్టిలో వారు ఆరోగ్యవంతులు. ఈ పొరపాటును దిద్దితే అదనపు సహాయము పొందేవారిలో నల్లజాతివారి వాటా నూటికి 17.7 నుండి 46.5కు పెరుగుతుందని వారు లెక్క కట్టినారు. ఎవరూ ద్వేషముతో చేసిన పని కాదిది. తేలికగా దొరికిన అంకెను అసలు విషయమునకు బదులు వాడుకొనుట వలన వచ్చిన ఫలితము.

ఈ ఉదాహరణను మహబూబాబాదు జిల్లాకు తెచ్చి చూస్తే దాని పదును తెలుస్తుంది. అడవి అంచు గూడెములో కోయ వృద్ధురాలు దవాఖానకు పోదు. ఆమె పేరిట ఓపీ చీటీ లేదు, రక్తపరీక్ష లేదు, బిల్లు లేదు. పట్టణములో ఉన్న ఉద్యోగికి ఆరు నెలలకొకసారి చేసిన పరీక్షలన్నీ నమోదై ఉన్నవి. నమోదైన వివరముల నుండి నేర్చుకున్న యంత్రము ఎవరిని జాగ్రత్తగా చూడమని చెప్పుతుంది? 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలలో ఇంటింటికి పోయి ప్రజల ఆరోగ్య వివరములను నమోదు చేసే ప్రయోగము మొదలైనది. 2019 ఫిబ్రవరి వరకు ములుగు భూపాలపల్లి జిల్లాలో భాగమే. దవాఖానకు రానివారి వివరములు కూడ పుస్తకములోకి ఎక్కుతవి కాబట్టి ఇంటింటి నమోదు అనే ఆలోచనను మెచ్చుకోవలెను. ఆ వివరములను తరువాత ఎవరు, ఎందుకు వాడవచ్చునో ఇంటివారికి వారి మాటలో చెప్పుట కూడ ఆ పనిలో భాగమే. వైద్యములో కృత్రిమ మేధను గూర్చి 2023లో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించిన నైతిక మార్గదర్శకములు కూడ తెలిసి ఇచ్చే సమ్మతిని, మనిషి పర్యవేక్షణను కోరుతున్నవి.

వారి మాటలో అన్నచోట మరొక పెద్ద విషయము దాగి ఉన్నది. రోగి చెప్పిన మాటలను విని జబ్బును ఊహించే యంత్రములు కూడ వచ్చినవి. అవి ఎక్కువగా నేర్చుకున్నది ఆంగ్ల పాఠముల నుండి, తెలుగులోనైతే అచ్చులో ఉన్న తెలుగు నుండి. జనగామ పల్లెలో "పానం మంచిగ లేదు" అంటే సామాన్యమైన అస్వస్థత నుండి గుండెదడ వరకు ఏదైనా కావచ్చును. "దమ్ము వస్తున్నది" అంటే ఆయాసము. "అమ్మవారు పోసింది" అంటే ఆటలమ్మ గాని తట్టు గాని. యంత్రము దీనిని దేవతకు సంబంధించిన సంగతిగా తీసుకుంటే ఆశ్చర్యము లేదు. "తెల్లబట్ట" అన్న మాటను స్త్రీ ఎంత బిడియముతో, ఎవరు దగ్గర లేనప్పుడు చెప్పుతుందో ఏఎన్ఎంకు తెలుసును. మాటను తెలుగు లిపిలోకి ఎక్కించినంత మాత్రాన ఆ బిడియము అర్థము కాదు. లంబాడీలు ఇంట్లో మాట్లాడే భాషకు సొంత లిపి లేదు. కోయ భాషలో అచ్చైనది అతి స్వల్పము. చదువుటకు పుస్తకమే లేని భాషను యంత్రము ఎక్కడ నేర్చుకుంటుంది? ఈ భాషలలో జబ్బుల పేర్లను, బాధను చెప్పే మాటలను సేకరించుట ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ చేయగల పని. తండాలోని అవ్వను అడిగి వ్రాసుకుంటే చాలును.

నూతన కల్పన అంటే యంత్రమే అనుకొనుట ఈ కాలపు అలవాటు. ఈ జిల్లాలలో ఎవరినైనా వైద్యములో వచ్చిన పెద్ద మార్పు ఏమని అడిగితే 108 పేరు చెప్పేవారు తప్పక ఉంటారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఆ సేవలో కొత్తగా కనిపెట్టిన పరికరము ఏదీ లేదు. ఫోను ముందే ఉన్నది, వాహనము ముందే ఉన్నది, ఆక్సిజను సీసా ముందే ఉన్నది. వాటిని శిక్షణ పొందిన మనిషితో ఒక తాడుకు కట్టినారు. 2021 జూన్‌లో జనగామ, మహబూబాబాదులతో సహా 19 జిల్లా కేంద్రములలో తెరిచిన ఉచిత రోగనిర్ధారణ కేంద్రములు కూడ ఈ కోవలోనివే. ప్రాథమిక కేంద్రములో తీసిన రక్తము జిల్లా కేంద్రమునకు పోయి, ఫలితము తిరిగి రావలెను. కృత్రిమ మేధను ఇట్లాంటి తాడులో ఒక ముడిగా చూస్తే దాని ప్రయోజనము కొలుచుట సులభము. ఎంతమందిని గుర్తించినది అని కాక, గుర్తించినవారిలో ఎంతమందికి మందు అందినది, ఎంతమంది మధ్యలో మానినారు, ఎంతమందిని తప్పుగా భయపెట్టినది అని అడుగవచ్చును.

ఈ అడుగుటకు ఇప్పుడు స్థానికముగా వసతి కూడ ఉన్నది. మూడు జిల్లాలలోను వైద్య కళాశాలలు ఉన్నవి. ఆచార్యులు, విద్యార్థులు ఉన్నారు. ఏ సంస్థ యంత్రమునైనా కొనుటకు ముందు స్థానికముగా తీసిన 1,000 ఎక్స్‌రేలను ఇద్దరు వైద్యులు ఒకరికొకరు తెలియకుండా చదివి, ఆ తరువాత యంత్రముచేత చదివించి పోల్చవచ్చును. మొత్తము లెక్క ఒక్కటే వేస్తే చాలదు. గని కార్మికులను వేరుగా, తండాలవారిని వేరుగా, స్త్రీలను వేరుగా, పూర్వము క్షయ వచ్చి నయమైనవారిని వేరుగా లెక్కించవలెను. మొత్తములో నూటికి 90 సరిపోయిన యంత్రము గని కార్మికులలో 60 దగ్గర ఆగిపోవచ్చును. విడిగా చూడనిదే అది బయటపడదు. ఆ పట్టికలో మూడు నెలల తరువాత నింపవలసిన గడి కూడ ఒకటి ఉండవలెను: యంత్రము అనుమానించిన ఈ మనిషి కఫ పరీక్షకు వచ్చినాడా, రాకపోతే ఎందుకు రాలేదు? జవాబు తెచ్చుటకు ఆశ కార్యకర్త నడిచి పోవలసిందే. బస్సు ఖర్చులకు డబ్బులు లేవనో, మిర్చి కోత పనులు ఉన్నవనో, గనిలో డ్యూటీ మారినదనో ఆమె వ్రాసుకొని వస్తుంది.